ర్యాంకు కంపెనీకి.. రిపేరు మనకి!

కార్ల ‘విశ్వసనీయత’ జాబితాల వెనుక లెక్కలేమిటి?
విద్యుత్తు కార్ల నాణ్యతపై ఎవరి మాట నమ్మాలి?

హుజూర్‌నగర్: పదకొండేళ్లుగా కిరాయి కారు నడుపుకొంటూ ఇద్దరు పిల్లలను చదివిస్తున్న డ్రైవరు ఒకరు ఇటీవల ఈ విలేఖరి వద్దకు వచ్చారు. ఆయన డీజిల్ కారు నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. క్లచ్ ప్లేట్లు మార్చీ మార్చీ విసిగిపోయారు. ఊరి పక్కనున్న జాగా అమ్మి, మిగిలిన సొమ్ము ఫైనాన్సులో తీసుకుని 14 లక్షల రూపాయల విద్యుత్తు కారు కొనాలన్నది ఆయన ఆలోచన. నెలకు 3 వేల కిలోమీటర్లు తిరుగుతారు. లీటరు డీజిల్ 95 రూపాయలు, లీటరుకు 18 కిలోమీటర్ల లెక్కన నెలకు దాదాపు 15,800 రూపాయలు చమురుకే పోతోంది. అదే కరెంటైతే యూనిట్‌కు 7 కిలోమీటర్లు, యూనిట్ ధర 9 రూపాయలనుకున్నా 3,900 దాటదు. నెలకు 12 వేలు మిగులు. కిస్తీలో పెద్ద భాగం అలాగే తీరిపోతుందని ఆయన కాగితం మీద తేల్చుకున్నారు.

లెక్కలో తప్పేమీ లేదు. ఆయనను ఆపింది సెల్‌ఫోనుకు వచ్చిన రెండు సందేశాలు. విద్యుత్తు కార్లలో పెట్రోలు కార్ల కంటే 79 శాతం ఎక్కువ సమస్యలున్నట్లు అమెరికాలో తేలిందన్నది మొదటిది. విద్యుత్తు కార్లు దారిలో ఆగిపోవడం పెట్రోలు, డీజిల్ కార్లతో పోలిస్తే సగం కూడా లేదని జర్మనీలో తేలిందన్నది రెండోది. ‘‘రెండిట్ల ఏది అబద్ధం సార్? జాగ అమ్మినంక తెలిస్తే లాభమేంది?’’ అన్నది ఆయన ప్రశ్న.

రెండూ అబద్ధం కావు. చిక్కంతా అక్కడే ఉంది.

అడిగేది ఒకటి.. లెక్కించేది మరొకటి

మొదటి అంకె అమెరికాలోని ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ సంస్థది. 1936లో వినియోగదారుల కోసం ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ ఇది. వాణిజ్య ప్రకటనలు తీసుకోదు. పరీక్షించే కార్లను తానే డబ్బు పెట్టి కొంటుంది. ఏటా తన సభ్యులను వారి కార్ల గురించి అడిగి, ఆ సమాధానాలతో విశ్వసనీయత జాబితా తయారు చేస్తుంది. 2023 నవంబరులో వెలువరించిన నివేదికకు 3 లక్షల 30 వేల వాహనాల వివరాలు ఆధారం. విద్యుత్తు కార్లలో సగటున 79 శాతం ఎక్కువ సమస్యలున్నాయని, ప్లగ్ పెట్టి చార్జి చేసే హైబ్రిడ్లలో ఏకంగా 146 శాతం ఎక్కువని, మామూలు హైబ్రిడ్లలో మాత్రం 26 శాతం తక్కువని అందులో తేలింది.

సంస్థ నిజాయతీని శంకించనక్కర్లేదు. కానీ మరుసటి ఏడాది, అంటే 2024లో, అదే సంస్థ అదే పద్ధతిలో చేసిన సర్వేలో విద్యుత్తు కార్ల తేడా 79 శాతం నుంచి 42 శాతానికి దిగిపోయింది. పన్నెండు నెలల్లో కార్ల నాణ్యత దాదాపు రెట్టింపయిందని ఎవరూ అనుకోరు. సగటులోకి వచ్చే కార్లు మారాయి. కొత్తగా మార్కెట్‌లోకి వచ్చి, తొలి ఏడాది లోపాలతో నడుస్తున్న నమూనాలు ఒక ఏడాది ఎక్కువుంటే సగటు పైకి లేస్తుంది. అవి కుదుటపడితే కిందికి దిగుతుంది. ‘విద్యుత్తు కారు’ అనే ఒక్క మాట కింద పదేళ్ల అనుభవమున్న కారునూ, నిన్నగాక మొన్న ఫ్యాక్టరీ గేటు దాటిన కారునూ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె అది. కొనేవాడు సగటు కారును కొనడు. ఒక కంపెనీ, ఒక నమూనా, ఒక ఏడాది బండిని కొంటాడు.

ఇక ప్రకటనల్లో మనకు తరచూ కనిపించే పేరు జె.డి.పవర్. ఇదీ అమెరికా సంస్థే. 1968లో మొదలైంది. గతంలో మన దేశంలోనూ సర్వేలు జరిపింది. మూడేళ్లు నిండిన కార్ల యజమానులను ‘గత పన్నెండు నెలల్లో ఏయే సమస్యలు ఎదురయ్యాయి’ అని అడిగి, ప్రతి 100 కార్లకు ఎన్ని సమస్యలని లెక్క కడుతుంది. 2024 నివేదికలో మొత్తం కార్ల సగటు 190. మొదటి స్థానంలో నిలిచిన లెక్సస్‌కు 135. చూడటానికి ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. వందతో భాగించి చూడండి. సగటు కారుకు ఏడాదిలో 1.9 సమస్యలు, అగ్రస్థానంలో ఉన్న కారుకు 1.35. తేడా ఒక సమస్యలో సగం!

పైగా ఆ సమస్య ఏమిటన్నది చూడాలి. ఆ ఏడాది నివేదికలో అన్నింటికంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చింది ఇంజన్‌పై కాదు, బ్రేకులపై కాదు. డ్యాష్‌బోర్డు మీదుండే తెర, పాటలు, ఫోను అనుసంధానం, మాటతో పనిచేసే ఏర్పాటు.. వీటిపైనే 100 కార్లకు 49.1 ఫిర్యాదులు నమోదయ్యాయి. ఫోను బ్లూటూత్‌తో కలవకపోతే ఒక సమస్య. గేరుబాక్సు పగిలితే ఒక సమస్య. ఆ పట్టీలో రెండూ ఒకటే. సూర్యాపేట బస్టాండు వద్ద కిరాయి కోసం నిలబడే డ్రైవరుకు రెండూ ఒకటేనా? కన్స్యూమర్ రిపోర్ట్స్ మాత్రం ఇంజన్, గేరుబాక్సు, పెద్ద బ్యాటరీ లాంటి వాటికి ఎక్కువ బరువు ఇస్తుందని చెప్పాలి. ఆ మేరకు దాని జాబితా మెరుగు.

అదే 2024 జె.డి.పవర్ నివేదికలో పూర్తి విద్యుత్తు కార్లకు 256, పెట్రోలు కార్లకు 187 వచ్చాయి. ఇందులో మనవాళ్లు గమనించాల్సిన వివరం ఒకటుంది. మూడేళ్ల విద్యుత్తు కార్ల యజమానుల్లో 39 శాతం మంది ఆ పన్నెండు నెలల్లో టైర్లు మార్పించారు. పెట్రోలు కార్ల వారితో పోలిస్తే ఇది 19 శాతం పాయింట్లు ఎక్కువ. బ్యాటరీ వల్ల బండి బరువు పెరుగుతుంది, మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి బలంతో తిప్పుతుంది. ఆ రెండింటి భారమూ టైరుపైనే. డీజిల్ ఆదా లెక్క వేసుకున్న కాగితం మీద మన డ్రైవరు టైర్ల ఖర్చు రాసుకోలేదు.

ఒకే కారు.. మూడు తీర్పులు

రెండో సందేశంలోని జర్మనీ లెక్క ఎక్కడిదంటే.. అక్కడ ఏడీఏసీ అనే మోటారు వాహనదారుల సంఘం ఉంది. రెండు కోట్లకు పైగా సభ్యులున్నారు. దారిలో బండి ఆగితే సంఘం వారి పసుపుపచ్చ సర్వీసు వాహనం వచ్చి బాగు చేస్తుంది. 2024లో ఇలా దాదాపు 36 లక్షల సార్లు వెళ్లింది. ఎవరినీ అభిప్రాయం అడగదు. ఆగిన బండ్లను లెక్క పెడుతుంది. అంతే. 2020 నుంచి 2022 మధ్య రిజిస్ట్రేషన్ అయిన కార్లను తీసుకుంటే, 2024లో ప్రతి వెయ్యి విద్యుత్తు కార్లకు 4.2 చొప్పున, పెట్రోలు, డీజిల్ కార్లకు 10.4 చొప్పున ఆగిపోయాయని 2025లో ప్రకటించింది.

ఈ లెక్కకూ హద్దులున్నాయి. సొంతంగా సహాయ వాహనాలు నడిపే కంపెనీల కార్లు ఆగితే ఆ కాల్ ఏడీఏసీకి వెళ్లకపోవచ్చు. తెర పనిచేయకపోయినా, ఏసీ చల్లగా రాకపోయినా బండి కదులుతూనే ఉంటుంది కాబట్టి లెక్కలోకి రాదు.

మూడో లెక్క కూడా జర్మనీదే. ట్యూఫ్ అనే తనిఖీ సంస్థ ప్రభుత్వ నిబంధనల ప్రకారం కార్లకు సామర్థ్య పరీక్ష చేస్తుంది. కారు కొన్న మూడేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండేళ్లకోసారి. మన ఆర్టీఏ ఫిట్‌నెస్ లాంటిదనుకోవచ్చు. కాకపోతే ఏ నమూనా ఎంత శాతం తప్పిందో ఏటా పుస్తకంగా అచ్చు వేస్తారు.

ఇప్పుడు ఒకే కారును ఈ లెక్కల ముందు నిలబెట్టి చూద్దాం. టెస్లా మోడల్ 3. ఏడీఏసీ లెక్కలో 2022లో రిజిస్ట్రేషన్ అయిన ఈ కార్లు వెయ్యికి 0.5 మాత్రమే దారిలో ఆగాయి. అందరికంటే మెరుగైన వాటిలో ఒకటి. ట్యూఫ్ 2025 నివేదికలో రెండు మూడేళ్ల వయసున్న కార్లలో అదే మోడల్ 3 అట్టడుగున నిలిచింది. తనిఖీకి వచ్చిన వాటిలో 14.2 శాతం కార్లలో పెద్ద లోపాలు కనిపించాయి. అమెరికాలో జె.డి.పవర్ 2023 నివేదికలో అన్ని కంపెనీల సగటు 186 కాగా టెస్లా కంపెనీకి వచ్చింది 242. దారిలో ఆగదు, తనిఖీలో నెగ్గదు, యజమానులను అడిగితే ఫిర్యాదులు చెబుతారు. మూడూ నిజాలే!

ఎందుకిలా అంటే, దారిలో నిలిపేసేంత లోపం వేరు, పరీక్షలో పట్టుబడే లోపం వేరు. విద్యుత్తు కారులో కాలు తీయగానే మోటారే వేగాన్ని తగ్గించి ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. బ్రేకు డిస్కులకు పని తగ్గిపోతుంది. పని లేని ఇనుము తుప్పు పడుతుంది. బరువైన బండి కావడంతో సస్పెన్షన్ భాగాలు త్వరగా అరుగుతాయి. పైగా టెస్లా ఏటా తప్పనిసరి సర్వీసింగ్ అడగదు. మిగతా కంపెనీల కార్లు తనిఖీకి ముందు డీలరు షెడ్డులో ఒకసారి దులుపుకొని వస్తాయి. దీని కార్లు చాలావరకు నేరుగా తనిఖీ గుంటపైకి వస్తాయి. అలాగని ట్యూఫ్ లెక్కలో విద్యుత్తు కార్లన్నీ కింద లేవు. 2026 నివేదికలో టెస్లా మోడల్ వై 17.3 శాతంతో చివర నిలిస్తే, మినీ, ఆడి కంపెనీల విద్యుత్తు కార్లు కొన్ని మంచి స్థానాల్లో ఉండటం గమనార్హం.

ఇంకో విశేషం. అమెరికా జాబితాల్లో విశ్వసనీయతకు మారుపేరుగా నిలిచేది టయోటా. లెక్సస్ కూడా దాని సొంతమే. జర్మనీ ఏడీఏసీ లెక్కలో 2022లో రిజిస్ట్రేషన్ అయిన టయోటా ఆర్‌ఏవీ4 కార్లు వెయ్యికి 18.4 చొప్పున ఆగిపోయాయి. మోడల్ 3తో పోలిస్తే ముప్పై రెట్లకు పైనే.

పెద్ద బ్యాటరీకి భయం.. చిన్న బ్యాటరీతో ప్రమాదం

ఆగిపోవడానికి కారణాలు చూస్తే విద్యుత్తు కార్ల గురించి మన దగ్గర చెప్పుకొనే భయాలు తలకిందులవుతాయి. ‘పెద్ద బ్యాటరీ పోతే ఎనిమిది లక్షలట’ అన్న మాట ప్రతి హోటల్ బల్ల దగ్గరా వినిపిస్తుంది. ఏడీఏసీ లెక్కలో మాత్రం 2024లో ఆగిన బండ్లలో దాదాపు 45 శాతం ఆగింది చిన్న బ్యాటరీ వల్ల. స్కూటరు నుంచి లారీ వరకు అందరికీ తెలిసిన 12 వోల్టుల బ్యాటరీయే! విద్యుత్తు కార్లలోనూ ఆగడానికి మొదటి కారణం ఇదే.

అంత పెద్ద బ్యాటరీ ఉండగా ఈ చిన్నది ఎందుకంటారా? తలుపులు తెరవడానికి, కంప్యూటర్లు మేల్కొనడానికి, పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే స్విచ్చులు పడటానికి 12 వోల్టులే కావాలి. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండా చార్జి ఉన్నా బండి కదలదు. బావి నిండా నీళ్లున్నా చేదతాడు తెగినట్లే.

డీజిల్ కారులో ఈ చిన్న బ్యాటరీని డైనమో నింపుతుంది. విద్యుత్తు కారులో ఆ పని చేసేది ఒక ఎలక్ట్రానిక్ పెట్టె. పెద్ద బ్యాటరీ కరెంటును 12 వోల్టులకు దించి పంపుతుంది. హ్యుందాయ్, కియా కార్లలో ఇదే పెట్టెలో లోపం బయటపడి 2024లో పలు దేశాల్లో కార్లను వెనక్కి పిలిచారు. ఆ ఏడాది జూన్‌లో మన దేశంలో 1,744 హ్యుందాయ్ ఐయానిక్ 5 కార్లను, జులైలో 1,138 కియా ఈవీ6 కార్లను ఇందుకే పిలిచారు. జర్మనీలోనూ 2022 నాటి ఐయానిక్ 5 కార్లు వెయ్యికి 22.4 చొప్పున ఆగాయి. మోటారుకు, పెద్ద బ్యాటరీకి ఏమీ కాలేదు. అరచేయి వెడల్పున్న బోర్డు మీద ఒక భాగం కాలితే అంత బండీ ఆగింది.

డీజిల్ కారు డైనమో పోతే కోదాడలో అరడజను మంది విప్పి తీగ చుట్టి మధ్యాహ్నానికల్లా బిగిస్తారు. ఈ పెట్టెను విప్పే అధికారం కంపెనీ సర్వీసు సెంటరుకే ఉంటుంది. విప్పినా బాగు చేయరు. కొత్తది తెప్పించి మార్చుతారు. తేడా ఇక్కడుంది. ఏ ర్యాంకూ ఈ తేడాను కొలవదు.

పేరు పాతదైనా బండి కొత్తదే

కంపెనీ పేరు చూసి కొనడం మనకు అలవాటు. నాన్న నడిపిన కంపెనీ, మేనమామ నడిపిన కంపెనీ అంటూ నమ్మకం వారసత్వంగా వస్తుంది. పెట్రోలు కార్లలో అందుకు కొంత అర్థముంది. ఒకే ఇంజన్‌ను పదిహేనేళ్లు చేసిన కంపెనీకి దాని లోపాలన్నీ తెలిసి ఉంటాయి. విద్యుత్తు కారుకు ఆ అనుభవం పూర్తిగా బదిలీ కాదు. టయోటా పెద్దఎత్తున తెచ్చిన తొలి విద్యుత్తు కారు బీజడ్4ఎక్స్‌నే తీసుకోండి. 2022లో మార్కెట్‌లోకి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లోనే దాదాపు 2,700 కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. చక్రాల బోల్టులు వదులై చక్రమే ఊడిపోయే ప్రమాదముందన్నది కారణం. బ్యాటరీ కాదు, సాఫ్ట్‌వేర్ కాదు. ఎడ్లబండికీ ఉండే చక్రం!

ర్యాంకులను ప్రకటనలకు వాడుకోవడం మరో కథ. జె.డి.పవర్ బహుమతి పేరును ప్రకటనల్లో వాడాలంటే కంపెనీలు రుసుము చెల్లించాలి. అంతమాత్రాన ర్యాంకు కొనుక్కున్నారని కాదు. కానీ మొదటి ర్యాంకు వచ్చినవాడే ప్రకటన వేస్తాడు, పదిహేనో ర్యాంకు వచ్చినవాడు ఊరుకుంటాడు. 2019 జనవరిలో అమెరికాలో షెవర్లే కంపెనీ తన కార్లు టయోటా, హోండా, ఫోర్డ్‌ల కంటే నమ్మదగినవని టీవీ ప్రకటన ఇచ్చింది. ఆధారంగా చూపింది తాను చేయించుకున్న సర్వేను. అదీ నాలుగేళ్ల కిందటి 2015 నమూనాల గురించి. మిగతా కంపెనీలు అభ్యంతరం చెప్పడంతో ఆ ప్రకటనను ఉపసంహరించుకుంది.

నక్షత్రాలు వేరు.. నమ్మకం వేరు

మన దగ్గర షోరూముల్లో ఎక్కువగా వినిపించేది ‘అయిదు నక్షత్రాల బండి’ అనే మాట. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో విద్యుత్తు కార్లు కొన్ని అయిదు నక్షత్రాలు సాధించిన మాట వాస్తవం. అయితే ఆ నక్షత్రాలు గుద్దుకున్నప్పుడు లోపలివారు ఎంత క్షేమంగా ఉంటారో చెబుతాయి. బండి ఎన్ని రోజులు షెడ్డులో ఉంటుందో చెప్పవు. రెండింటినీ కలిపి చెప్పే సేల్స్‌మన్లు ఉన్నారు. వినేవారు జాగ్రత్త పడాలి.

అగ్ని ప్రమాదాల భయం మన రెండు రాష్ట్రాల్లో ఊరికే పుట్టలేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఓ వృద్ధుడు మరణించారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి మరొకరు ప్రాణాలు కోల్పోయారు. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్తు స్కూటర్ల షోరూంలో రేగిన మంటలు, పొగ పైనున్న లాడ్జిని చుట్టుముట్టి ఎనిమిది మందిని బలిగొన్నాయి. ఈ మూడూ స్కూటర్లకు సంబంధించినవే, కార్లవి కావు. వీటి తర్వాతే కేంద్రం బ్యాటరీల పరీక్షా నిబంధనలను బిగించి 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి నుంచి రెండు దశల్లో అమలు చేసింది. అందువల్ల పాత స్కూటరుకూ, ఆ తేదీల తర్వాత తయారైన బండికీ తేడా చూడాలి. సెకండ్ హ్యాండు కొనేవారు తయారీ నెలను తప్పక అడగాలి.

జర్మనీలో ఆగిన బండ్ల పట్టీ ఉన్నట్లు మన రోడ్ల మీద ఏ నమూనా ఎన్నిసార్లు ఆగిందో సామాన్యుడు చూసుకునే పట్టీ మనకు అందుబాటులో లేదు. అక్కడి పట్టీని తెచ్చి ఇక్కడ అతికించలేం. అక్కడ చలికి చిన్న బ్యాటరీ చచ్చిపోతుంది. ఇక్కడ రోహిణి కార్తె ఎండలో రేకుల షెడ్డు కింద బండి చార్జింగుకు పెడతాం. బ్యాటరీకి వేడి కూడా శత్రువే. వోల్టేజీ హెచ్చుతగ్గులు, సరిగా లేని ఎర్తింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

41 రోజులు.. ఒక్క ‘సమస్య’

ఈ విలేఖరి దగ్గరి బంధువు ఒకరు ఓ విద్యుత్తు కారు కొన్నారు. పద్నాలుగు నెలలు ఇబ్బంది లేకుండా నడిచింది. 2024 వేసవిలో ఓ ఉదయం చార్జింగ్ ఎక్కడం మానేసింది. హైదరాబాద్‌లోని సర్వీసు సెంటరుకు వేరే బండిపై ఎక్కించి పంపారు. పరికరం రావాలన్నారు. వారం, పదిహేను రోజులు, నెల.. మొత్తం 41 రోజులకు బండి ఇంటికి చేరింది. వారంటీ ఉన్నందున పైసా తీసుకోలేదు. ఆ తర్వాత మళ్లీ ఇబ్బంది పెట్టలేదు.

రేపు ఎవరైనా సర్వే చేసి ఆయనను అడిగితే ఏడాదిలో ఎన్ని సమస్యలంటే ‘ఒకటి’ అనాలి. సగటు కంటే మంచి కారు అన్నమాట! ఆ 41 రోజులూ ఆయన బ్యాంకు కిస్తీ ఆగలేదు. ఆయన ఉద్యోగి కాబట్టి బస్సెక్కి వెళ్లారు. కిరాయి తోలుకునే మనిషి అయితే ఏం చేయాలి?

సంతకానికి ముందు

మన డ్రైవరుతో కూర్చుని వారంటీ పుస్తకం చదివినప్పుడు అసలు సంగతి బయటపడింది. విద్యుత్తు కార్ల పెద్ద బ్యాటరీకి మన దేశంలో 8 ఏళ్లు లేదా 1 లక్షా 60 వేల కిలోమీటర్ల వారంటీ సర్వసాధారణం. రెండింటిలో ఏది ముందు ముగిస్తే అదే గడువు. నెలకు 3 వేల కిలోమీటర్లు తిరిగే ఈయనకు నాలుగున్నరేళ్లలోపే అది తీరిపోతుంది. కొన్ని కంపెనీలు 2025లో ప్రకటించిన ‘జీవితకాల’ బ్యాటరీ వారంటీ తొలి యజమానికి, అదీ సొంత వాడకానికి కొన్నవారికే వర్తిస్తుంది. పసుపు నంబరు ప్లేటుకు వర్తించదు. కిరాయి వాహనాలకు షరతులు వేరుగా ఉంటాయి. ఈ విషయం షోరూంలో ఎవరూ ఆయనకు చెప్పలేదు. సందేశాల్లోని 79 శాతంలోనూ లేదు, 4.2లోనూ లేదు.

బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మార్చుతారన్నదీ వారంటీ కాగితంలోనే ఉంటుంది. నోటిమాటగా కాకుండా ఆ పేజీని అడిగి తీసుకోవాలి. దగ్గరి సర్వీసు సెంటరులో అధిక వోల్టేజీ పని తెలిసిన సిబ్బంది ఉన్నారా, బండి ఆగితే ఎంత దూరం వరకు ఉచితంగా తీసుకెళ్తారు, పరికరం ఆలస్యమైతే మారుబండి ఇస్తారా.. ఇవన్నీ కాగితం మీద రాయించుకోవాల్సినవి. ఇస్తామని రాసిచ్చే డీలరు అరుదే. అడిగితే ముఖం చూసైనా సంగతి తెలుస్తుంది. ఇంటి దగ్గర 15 ఆంపియర్ల పాయింటు, ఎర్తింగ్, మీటరు లోడు సంగతి ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించుకోవాలి. ఎంచుకున్న నమూనాను మన దగ్గరి ఎండలో రెండేళ్లుగా కిరాయికి నడుపుతున్నవారు దొరికితే వారి మాట జాబితాల కంటే విలువైనది.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించిన విధానం ప్రకారం విద్యుత్తు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకేనన్నది గుర్తుంచుకోవాలి. గడువు చెప్పి తొందరపెట్టే డీలర్లూ ఉన్నారు.

లోపం ఒక్క బండిది కాక నమూనా మొత్తానిదైతే దారి వేరే ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ మేరకు, 2021 ఏప్రిల్ 1 నుంచి ఏడేళ్లలోపు వాహనాల్లో భద్రతకు సంబంధించిన లోపముంటే వెనక్కి పిలవాలని ప్రభుత్వం ఆదేశించవచ్చు. కంపెనీలకు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా ఉంటుంది. ఇందుకు యజమానుల ఫిర్యాదుల సంఖ్యే ఆధారం. మనవారు షోరూంలో గొడవ పడి ఊరుకుంటారు. ఫిర్యాదు నమోదు చేయరు. నమోదు కాని లోపం ఏ లెక్కలోకీ రాదు.

వ్యక్తిగతంగా నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా, కొన్నవారు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లాలోనే విచారిస్తారు. ‘కిరాయి బండి వ్యాపారం కిందికి వస్తుంది, నీకు కేసు లేదు’ అని బెదిరిస్తే నమ్మనక్కర్లేదు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులే.

డ్రైవరు జాగా ఇంకా అమ్మలేదు. వారంటీ కిరాయి బండికి ఎన్ని కిలోమీటర్ల వరకు వర్తిస్తుంది, చార్జింగ్ పరికరం పోతే ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు అని రెండే ప్రశ్నలు కాగితం మీద రాసి షోరూంలో ఇచ్చి వచ్చారు. మేనేజరు చూసి చెబుతారని అన్నారట. ఇది రాసే నాటికి పన్నెండు రోజులైంది. జవాబు రాలేదు. డీజిల్ బండి మాత్రం క్లచ్ ప్లేట్ల కోసం మళ్లీ షెడ్డు ఎక్కింది. సాయంత్రానికి ఇచ్చేస్తానని మెకానిక్ చెప్పాడు, ఇచ్చేశాడు కూడా.